మేస్త్రమ్మ మార్చిన తారీఖు

నిడమనూరు చుట్టుపక్కల వరి వేసే రైతులు వానాకాలంలో ఇద్దరికి భయపడతారు. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతాడో చెప్పని ఇంజనీరుకు, నాట్లకు ఏ తారీఖు ఇస్తుందో చెప్పని ముత్తమ్మకు. ఇంజనీర్లు రెండేళ్లకోసారి బదిలీ అయి పోతారు. ముత్తమ్మ ముప్పయ్యేళ్లుగా ఎక్కడికీ పోలేదు.

ముత్తమ్మ నాట్ల ముఠాకు మేస్త్రి. పద్దెనిమిది మంది ఆడవాళ్లను వెంటేసుకుని పొద్దున్నే మడిలో దిగిందంటే, అన్నం వేళకు ఎకరం పచ్చబడవలసిందే. నారు పోసిన ఇరవై అయిదో రోజుకు కాస్త అటూ ఇటూగా నాటు పడాలి. ఆలస్యమైతే నారు ముదురుతుంది. ముదిరిన నారుకు పిలకలు రావు. అందుకే జూన్ నెలలో ఆమె అరుగు మీద రైతులు పిల్లనడగడానికి వచ్చినవాళ్లలా ఒద్దికగా కూర్చుంటారు.

“నీకు పదహారు. తారీఖు మారదు, ఇప్పుడే చెప్తున్న,” అంటుంది ముత్తమ్మ.

ఆ మాట ప్రతి రైతుకూ చెప్తుంది. చెప్పాక సగం మంది తారీఖులు మారుస్తుంది. ఒకడు తన మడిని బురద చేసే దమ్ము కాలేదంటాడు, ఇంకొకడు తన నారు ముందే ఎదిగిపోయిందంటాడు. ఇద్దరినీ పిలిచి ఎదురెదురుగా నిలబెడుతుంది. ఇద్దరూ అరచేతులు చరుచుకుంటారు. మార్పిడి అయిపోయినట్టే. కాగితం లేదు, సాక్షి లేడు, ముత్తమ్మ ఉంది. ఆమెకు అన్నం కన్నా ఇష్టమైనది ఈ మార్పిడి. ఇద్దరి పీకల మీదికొచ్చిన పని ఒక్క చప్పుడుతో తీరిపోయినప్పుడు ఆమెకు లోపల చక్కిలిగింత పెట్టినట్టుంటుంది.

అలాంటి మనిషికి నిరుడు కార్తీకంలో కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. మూడు వారాలు పసరు మందు తాగింది. కడుపునొప్పి వీపులోకి పాకింది, రవికెలు వదులయ్యాయి. మిర్యాలగూడలో స్కానింగు తీసినాయన ఫిలిం వైపు చాలాసేపు చూసి, సూర్యాపేట పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు. అక్కడ డాక్టర్ ప్రవళిక చెప్పింది: క్లోమంలో గడ్డ. పక్కనే ఉన్న పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుంది. కోసి తీయడానికి వీల్లేదు.

ముత్తమ్మ భర్త మత్తయ్య అప్పటికప్పుడే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ముత్తమ్మ ఆయన మోచేతిని పొడిచింది.

“నువ్వు దేవునితోని తర్వాత మాట్లాడు. ముందు డాక్టరమ్మ మాట ఇననియ్యి. కొయ్యరు సరే, మరేం చేస్తరు బిడ్డా?”

కామెర్లు తగ్గడానికి పిత్తనాళంలో చిన్న గొట్టం పెట్టారు. తర్వాత కీమో. ఆరు నెలల కీమోలో ముత్తమ్మ జుట్టు పోయింది, నాలుక రుచి పోయింది, నోటి దురుసు మాత్రం వెంట్రుకంతైనా తగ్గలేదు. “దువ్వెన పని తప్పింది,” అని కొంగు నెత్తికి చుట్టుకుని చలికాలపు యాసంగి నాట్లు గట్టు మీద కూర్చునే నడిపింది. గడ్డ కాస్త నెమ్మదించింది కానీ కరగలేదు. అప్పుడు ప్రవళిక కొత్త సంగతి చెప్పింది.

ప్రవళికది కోదాడ. ఎంత చిన్నవాళ్లనైనా మీరు అనే పిలుస్తుంది. కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది.

“మన ఒంట్లో రోగంతో కొట్లాడే కణాలుంటాయండి. ఈ గడ్డ వాటికి కనపడకుండా గోడ కట్టుకుని కూర్చుంది. ఇమ్యునోథెరపీ అని ఒక మందుంది. అది ఆ కణాలకున్న బ్రేకు తీసేస్తుంది. అయితే ఈ జబ్బులో ఆ మందు ఒక్కటే ఇస్తే ఎక్కువమందిలో పని చేయలేదు. అందుకని ముందు రేడియేషన్ ఇచ్చి గోడకు బీటలు కొట్టి, ఆ వెనకాలే మందిస్తే ఎలా ఉంటుందని మేం ఒక అధ్యయనం చేస్తున్నాం.”

“ఎనకాలనే అంటే ఎన్ని దినాలకు?” అంది ముత్తమ్మ. ఆమె చెవులు అక్కడే నిక్కబొడుచుకున్నాయి.

“మరీ ముందిస్తే రేడియేషన్‌కు అలిసిన కణాలు లేవవు. మరీ ఆలస్యమైతే గోడ మళ్లీ పూడుకోవచ్చు. ఎనిమిదో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల అని మేం పెట్టుకున్నాం. అదే సరైనదని ఇంకా రుజువు కాలేదు. తెలుసుకోవడానికే ఈ అధ్యయనం. పని చేస్తుందని మాటివ్వలేను.”

“గిది నాకు తెల్వని ముచ్చటా?” ముత్తమ్మ మొహం వెలిగిపోయింది. “దమ్ము చేసినంక మడి తేరుకోవాలె, తేరుకున్నంక గట్టిపడకముందే నాటెయ్యాలె. గంతేనా?”

ప్రవళిక పెన్ను ఆపి ఆమెనే చూసింది. “అంతేనండి. నేను ఇంత బొమ్మ అనవసరంగా గీశాను.”

ముత్తమ్మ సంతకం నేర్చుకున్నది ఆ వారమే. అధ్యయనం కాగితాల మీద ఏడు చోట్ల పెట్టింది, ఏడూ ఏడు రకాలుగా వచ్చాయి.

జులై చివర్లో హైదరాబాదులో అయిదు రోజుల రేడియేషన్ అయ్యింది. ఆఖరిది బుధవారం. ఆ తర్వాతి వారం శుక్రవారం సూర్యాపేటలో చెకప్. రక్తకణాలు ఇంకాస్త కోలుకోవాలని, మొదటి మందు మంగళవారం ఇద్దామని ప్రవళిక రాసింది. నర్సు సంతోషి కార్డు చేతికిస్తూ వేలు చూపించి మరీ చెప్పింది.

“పెద్దమ్మా, మంగళారం. తారీఖు మారదు, ఇప్పుడే చెప్తున్న.”

సంతోషి చేసిన పొరపాటు అదే. ముప్పయ్యేళ్లుగా ముత్తమ్మ నోటితో అనీ అనీ అరగదీసిన మాట అది. మార్చే ముందు అనే మాట.

వరండాలో బెంచీ మీద హరిలాల్ తల పట్టుకుని కూర్చున్నాడు. తిరుమలగిరి దగ్గర తండా అతనిది, పత్తి చేను. కడుపులో క్యాన్సర్‌కు మామూలు కీమో నడుస్తోంది. కీమో బెంచీల మీద పరిచయమై ముత్తమ్మను అక్కా అంటాడు.

“ఏంది తమ్ముడూ, మొఖం గట్ల పెట్టినవ్?”

“నా కీమో వచ్చే శుక్రారం అన్నరక్కా. గదే శుక్రారం మా చేన్ల బోరు బండి వస్తది. నెల దినాల సంది ఆ బండెంట తిరుగుతున్న. నేను లేకుంటే నా కొడుకు బండరాయి మీద పాయింటు సూపిస్తడు.”

ముత్తమ్మకు లోపల చక్కిలిగింత మొదలైంది. “మంగళారం ఖాళీనేనా?”

“ఖాళీనే.”

“అయితే నా మంగళారం నువ్ తీస్కో. నీ శుక్రారం నాకియ్యి. నాకు కూడ మంచిదే, మంగళారం కోదాడల ముఠా పని ఉన్నది.”

మత్తయ్య ఒళ్లో విత్తనాల సంచి ఉంది, అందులో దవాఖాన కాగితాలన్నీ ఉన్నాయి. ఆయన సంచిని గట్టిగా పట్టుకున్నాడు. “సంతోషిని ఓ మాట అడగరాదు?”

“మార్పిడికి ఎవర్నడుగుతరు? మేస్త్రిని అడుగుతరు. మేస్త్రిని నేనే గద!”

ఇద్దరూ అరచేతులు చరుచుకున్నారు. కీమో వరండాలో అంత గట్టి చప్పుడు ఎప్పుడూ కాలేదేమో, ముగ్గురు నలుగురు ఉలిక్కిపడి చూశారు. ముత్తమ్మ గాలిలో తేలుతున్నట్టు బస్సెక్కింది. దవాఖానలో ఆమె ఒకరి కష్టం తీర్చడం అదే మొదలు.

మంగళవారం కోదాడ పక్కన జవహర్ అనే రైతు మడిలో ముఠా దిగింది. ముత్తమ్మ గొడుగు పట్టుకుని గట్టు మీద కూర్చోవాలి. ప్రవళిక పెట్టిన షరతు అది. కానీ ఒక కొత్త పిల్ల కుదుళ్లు లోతుగా గుచ్చుతుంటే ఎవరు చూస్తూ ఊరుకుంటారు? పిక్కల్లోతు బురదలోకి దిగి నాలుగు కుదుళ్లు వేసి చూపించింది. రెండుంబావుకు గట్టెక్కి అన్నం గిన్నె విప్పేసరికి ఫోను మోగింది. అది ముఠాలో ఆమె తర్వాతి మనిషి అంజమ్మ సంచిలో ఉంది. అంజమ్మ వరసకు వదిన.

“పెద్దమ్మా, ఏడున్నవ్?” సంతోషి గొంతు.

“కోదాడల బిడ్డా. తిన్నవా?”

“తినుడు తర్వాత! నీ మందొచ్చి ఐసు డబ్బాల కూసున్నది. నువ్వేది?”

“నేను శుక్రారం వస్త గద. హరిలాల్‌తోని మార్పిడి చేస్కున్న. ఆయన రాలేదా?”

“వచ్చిండు! రక్తం చూస్తే తెల్లకణాలు ఇంకా తక్కువున్నయి, మూడు దినాలు ముందొస్తే ఎట్లుంటయి మరి? నీ పేరు మీద వచ్చిన మందు ఆయనకెట్లిస్తం? ఇది బస్సు సీటా పెద్దమ్మా?”

అవతల ఫోను చేతులు మారింది. ప్రవళిక మాట్లాడింది, మెల్లగానే, కానీ ఒక్కో మాటా విడివిడిగా.

“ముత్తమ్మగారూ, రేడియేషన్ అయిపోయి ఇవాళ్టికి పదమూడో రోజు. శుక్రవారానికి పదహారవుతుంది. పద్నాలుగు దాటితే మిమ్మల్ని అధ్యయనంలో ఉంచరు, నేను అడిగినా ఉంచరు. రేపు మందు బండి రాదు. ఇవాళ తెచ్చిన డబ్బాను నాలుగింటికి వెనక్కి హైదరాబాదుకు తీసుకుపోతారు.”

ముత్తమ్మ చేతిలో ముద్ద అలాగే ఉంది. “ముదిరిపోతదా?”

“ముదిరిపోతుందండి.”

ముద్ద గిన్నెలో పడింది. తన తల మీద తనే ఒకటి కొట్టుకుంది. ముప్పయ్యేళ్లలో ఎవరి నారునూ ముదరనివ్వని మనిషి తన నారు తనే ముదరబెట్టుకుంది! ఆ సంగతి తలకెక్కగానే ఆమెకు ముందు భయమేసింది, వెంటనే నవ్వొచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

“అంజమ్మా, ఏసుబాబును బండి తియ్యమను. సూర్యాపేట!”

ఏసుబాబు ట్రాలీ ఆటో ముఠాను తెచ్చిన బండే. ముత్తమ్మ ముందు సీట్లో కూర్చుంది. తిరిగి చూసేసరికి వెనక పద్దెనిమిది మందీ ఎక్కి ఉన్నారు, మోకాళ్ల దాకా బురదతో.

“మీరెందుకే? మడి సగమే అయ్యింది!”

“తొవ్వల బండాగితే తోసేటోళ్లుండాలె గద,” అంది అంజమ్మ. “నిన్ను ఒక్కదాన్ని పంపిస్తే ఇంకెవరికన్న తారీఖిచ్చి వస్తవ్.”

జవహర్ గట్టు మీద పరుగెత్తుకొచ్చాడు. “ఏంటండీ మేస్త్రమ్మా! నారు పీకేసి కట్టలు కట్టి ఉంది, సగం మడి వదిలేసి ఎక్కడికండీ?”

“నీ నారు నీళ్లల్ల పెట్టు, పొద్దుగాల దాక ఆగుతది. నాది నాలుగింటి దాకనే ఆగుతది!”

అతనికేమీ అర్థం కాలేదు. సంగతి అంజమ్మ అరిచి చెప్తుంటే ఆటో అప్పటికే డొంక దాటేసింది.

హైవే మీదికి వచ్చేసరికి వాన మొదలైంది. పైన కప్పు లేదు. వెనకవాళ్లు నారు కట్టలకు వేసే పట్టాను నెత్తిన పరుచుకుని, దాని కింద నుంచి పాట అందుకున్నారు. నాటు పాట వరస, మాటలు అప్పటికప్పుడు పుట్టినవి.

“యాడికే యాడికే మేస్త్రమ్మ బండి?
సూర్యాపేట పోతంది సూదేయించుకోను!
తారీఖు మార్చింది ఎవ్వరే పిల్లా?
తారీఖులిచ్చేటి తల్లే మార్చింది!”

“నీయవ్వ, పాట కట్టి పరువు తీస్తుండ్రు!” అని ముత్తమ్మ అరిచింది. అరుస్తూనే తొడ మీద తాళం వేసింది. మునగాల దగ్గర గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. పద్దెనిమిది మందీ ఒక్కసారిగా దూకి, మందను వానలో అవతలికి తోలి, మళ్లీ ఎక్కారు. గొర్రెల కాపరి నోరు తెరుచుకుని అక్కడే నిలబడ్డాడు. వెనక ఆగిన బస్సులో వాళ్లు కిటికీల్లోంచి ఫోన్లు పెట్టి వీడియో తీశారు. ఏసుబాబు చెమటలు తుడుచుకుంటూ, “అక్కా, నా బండి ముప్పై దాటి ఎన్నడు పోలే, ఇయ్యాల యాభై పోతంది. దీనికి కూడ ఏదో సూదేసిండ్రు,” అన్నాడు.

నాలుగుకు ఇంకో అయిదు నిమిషాలు ఉందనగా దవాఖాన గేటు దగ్గర ఆగారు. మందు బండి ఇంజను ఆన్ అయి ఉంది. దాని ముందు నేల మీద, వానలో, బాసింపట్టు వేసుకుని హరిలాల్ కూర్చుని ఉన్నాడు. డ్రైవరు బతిమాలుతున్నాడు.

“లే కాకా, నా డ్యూటీ అయిపోయింది.”

“మా అక్క వస్తది. వచ్చేదాక లెవ్వ. నా మీదికెళ్లి పోనియ్యి.”

“పిచ్చోడా, తెల్లకణాలు తక్కువున్నయట, వానల కూసుంటవా!” అని ముత్తమ్మ ఆటో దిగుతూనే అతని రెక్క పట్టి లేపింది. వెనకనే పద్దెనిమిది మంది బురదకాళ్లతో దిగేసరికి గేటు దగ్గరి వాచ్‌మన్ వీళ్లంతా పేషెంట్లేమోనని కుర్చీలు లెక్కపెట్టాడు.

పని మాత్రం ఇంకా అయిపోలేదు. ఆ రోజు రక్తం చూడకుండా మందివ్వరు. లివరు, కణాలు, అన్నీ గీత లోపల ఉండాలి. ఫలితానికి గంట పడుతుంది. ప్రవళిక హైదరాబాదుకు ఫోన్ చేసి డబ్బాను అయిదున్నర దాకా ఉంచుకునేందుకు ఒప్పించింది. ఫోను పెట్టి ముత్తమ్మ కాళ్లకేసి చూసింది.

“బురదలోకి దిగొద్దని చెప్పానా లేదా?”

“నాలుగే కుదుళ్లు డాక్టరమ్మా.”

“పాదానికి చిన్న గాయమైనా ఉండి ఇన్ఫెక్షన్ వస్తే ఈ మందు ఇవాళ ఇవ్వలేను. తెలుసా?”

ముత్తమ్మ రెండు కాళ్లూ ముందుకు చాపింది. సంతోషి బకెట్ నీళ్లు తెచ్చి ఆమె కాళ్లు కడిగి, వేళ్ల సందుల్లో దీపం పెట్టి వెతికినట్టు వెతికింది. గాయం లేదు. జ్వరం లేదు.

“మధ్యల ఊర్ల ఎవరన్న నొప్పుల సూదేసిండ్రా? బలం సూది గిట్ల?”

“లే బిడ్డా. గా సూదులల్ల స్టిరాయిడ్ ఉంటదని నువ్వే చెప్తివి గద, లేపాల్సిన కణాలను పండవెడతదని. మా ఊరి ఆర్‌ఎంపీ ఎదురైతే నేనే సందు మారుతున్న.”

ఆ గంటసేపూ ముత్తమ్మ బెంచీ మీద కూర్చుని నిమిషాలు లెక్కపెట్టింది. గోడ గడియారం కింద ముఠా అంతా పాట లేకుండా నిలబడి ఉంది. ఇంతమంది తారీఖులు చేతిలో పెట్టుకుని తిరిగిన మనిషి, ఒక చిన్న సీసాలోని తన రక్తం ఏం చెప్తుందోనని ల్యాబు తలుపు వైపే చూసింది. నిడమనూరు నుంచి మత్తయ్య అప్పటికే మూడుసార్లు ఫోన్ చేశాడు. “ప్రార్థన చేస్తున్నవా?” అని అడిగింది నాలుగోసారి. “చేస్తున్న,” అన్నాడు. “ఆపకు,” అంది.

అయిదుంబావుకు సంతోషి కాగితం ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. “పాస్! పెద్దమ్మ పాస్!”

పద్దెనిమిది మంది వేసిన కేకకు పై అంతస్తులో ఎవరో కిటికీ తెరిచారు. ప్రవళిక నవ్వాపుకోవడానికి స్టెతస్కోపు సర్దుకుంది, ఫలితం లేకపోయింది.

మందు నీళ్లలాగా తెల్లగా ఉంది. ముత్తమ్మకు అది కాస్త నిరాశ. ఇంత పరుగు పెట్టించింది కనీసం ఎర్రగానైనా ఉంటుందనుకుంది. గంటసేపు చుక్క చుక్కగా ఎక్కింది.

రెండో రోజు పొద్దున జవహర్ మడి మిగతా సగం ముఠా నాటేసింది, ముత్తమ్మ లేకుండా. ఆమె నిడమనూరులో మంచం మీద థర్మామీటరు నోట్లో పెట్టుకుని ఉంది. నూటొకటి చూపించగానే సంతోషికి ఫోన్ చేసింది, పండగ కబురు చెప్తున్నట్టు.

“బిడ్డా, జరమొచ్చింది! కణాలు లేసినయి!”

“జరమొస్తే మందు పని చేస్తుందని కాదు పెద్దమ్మా. కానీ వెంటనే ఫోన్ చేసినవ్ సూడు, అది మస్తు మంచి పని. ఇయ్యాలనే వచ్చి చూపించుకో. విరేచనాలైనా, ఆయాసమొచ్చినా గిట్లనే చెయ్యాలె, ఏ వేళైనా.”

జ్వరం ఒక్క రోజులో తగ్గింది. మూడు వారాలకు రెండో మందు, ఇంకో మూడు వారాలకు మూడోది, మధ్యమధ్య కీమో. ప్రతిదానికీ తారీఖు ముందు రోజే సూర్యాపేట చేరి సంతోషిని విసిగించింది. హరిలాల్ కీమో తన శుక్రవారం తనకే వచ్చింది. బోరు పాయింటు కొడుకే చూపించాడు, నూట తొంభై అడుగులకు నీళ్లు పడ్డాయి. కొడుకు ముందు తలెత్తుకోలేకపోతున్నానని ముత్తమ్మకు ఫోన్ చేసి మొత్తుకున్నాడు. ఆమె పక్కటెముకలు నొప్పెట్టేదాకా నవ్వింది.

అక్టోబరులో స్కానింగు తీశారు. ప్రవళిక పాత ఫిలిం, కొత్త ఫిలిం పక్కపక్కన పెట్టి కాసేపు చూసింది. మత్తయ్య కళ్లు మూసుకున్నాడు. ఈసారి ముత్తమ్మ ఆయన మోచేతిని పొడవలేదు.

“గడ్డ తగ్గలేదండి,” అంది ప్రవళిక. “కానీ పెరగనూ లేదు. అంతే ఉంది.”

“పెరగలే అంటే?”

“ఆగింది. ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పలేను. ఈ మందు వల్లనేనా, రేడియేషన్ వల్లనా అనేది కూడా ఇప్పుడే చెప్పలేను. ఇంకా కొంతమందిలో చూడాలి.”

“ఆగింది గద!” ముత్తమ్మ లేచి నిలబడింది. కొంగు జారి, కొత్తగా మొలిచిన అంగుళం జుట్టు బయటపడింది. ప్రవళికను రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. పెన్ను ఎగిరి మేజా కింద పడింది. “మత్తయ్యా, ఇన్నవా? ఆగిందట! నిలవడ్డదట!”

మత్తయ్య విన్నాడు. విని, విత్తనాల సంచితో సహా కుర్చీలో అడ్డంగా వాలిపోయి ఏడ్చాడు. సంతోషి ఆయనకు నీళ్లు తాగించింది.

“తర్వాతి మందు నవంబరు పద్దెనిమిది,” అంది సంతోషి, కార్డు మీద రాస్తూ. “ఇంకేదన్న పని ఉన్నదా పెద్దమ్మా ఆ దినం? ఇప్పుడే చెప్పు.”

ఆ దినం ఉంది. వరి కోతలైన మడిలో కల్లం పని, ముఠా మొత్తం. ముత్తమ్మ ఆ రైతు ఈదయ్యకు అక్కడి నుంచే ఫోన్ కలిపింది.

“ఈదయ్యా, పద్దెనిమిది నాడు మా ముఠా రాదు. సూర్యాపేటకు వస్తున్నం, అందరం. నీ కల్లానికి ఇంకో తారీఖు కావాలంటే నువ్ గూడ రా, నా పక్కన బెంచి మీద కూసో.”